మొదటి మాత్రకు ముందు: జ్వరం వచ్చినప్పుడు యాంటీబయాటిక్ ఎప్పుడు, ఎలా వాడాలి

రోగి నమూనాలోని బ్యాక్టీరియాను పెంచి చూసే కల్చర్ ల్యాబ్‌లో పొద్దున్నే ఇంక్యుబేటర్ తలుపు తీస్తే ముందు కనిపించేవి వరసగా పేర్చిన గుండ్రటి ప్లేట్లు. ఒక్కోటీ అరచేతిలో పట్టేంత ఉంటుంది. లోపల గట్టిపడిన లేత పసుపు జెల్లీ. రోగి మూత్రంలోంచో చీములోంచో వేరుచేసిన బ్యాక్టీరియాను ముందురోజు ఆ జెల్లీ మీద పలచగా పూసి, పైన మందు పట్టించిన చిన్న కాగితపు బిళ్లలు పెడతాం. బిళ్ల వెడల్పు 6 మిల్లీమీటర్లు. ఒక్కో బిళ్లలో ఒక్కో యాంటీబయాటిక్. రాత్రంతా 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచితే, తెల్లారేసరికి బ్యాక్టీరియా ప్లేటంతా మీగడలా పరుచుకుంటుంది. మందు పనిచేసిన చోట మాత్రం బిళ్ల చుట్టూ ఏమీ మొలవని గుండ్రటి ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని కొలవడం నా పని.

కొన్ని ప్లేట్లలో కొలవడానికి ఏమీ ఉండదు. ప్రతి బిళ్ల అంచు దాకా బ్యాక్టీరియా మొలిచి ఉంటుంది. ఆ నమూనా ఎవరిదో వాళ్లకు మామూలు మందులేవీ పనిచేయవని అర్థం. 2019లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 12.7 లక్షల మంది నేరుగా ఇలాంటి మొండి బ్యాక్టీరియా వల్లే చనిపోయారని అంచనా. వాటి ప్రమేయం ఏదో ఒక మేరకు ఉన్న మరణాలన్నీ కలిపితే 49.5 లక్షలు.

నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టే ప్లేటు మరొకటుంది. అందులో ఏమీ మొలవదు. రోగి చలితో వణికిపోతున్నాడు, మూత్రంలో మంట ఉంది, చీము కణాలు కుప్పలుగా కనిపిస్తున్నాయి, అయినా ప్లేటు ఖాళీ. ఫోన్ చేసి అడిగితే, "నిన్న ఇంట్లో ఉన్న మాత్రలు రెండు వేసుకున్నానండీ" అంటారు. ఆ రెండు మాత్రలు జబ్బును తగ్గించలేదు గానీ, ఏ బ్యాక్టీరియానో మేం పట్టుకోకుండా చేశాయి. ఇక డాక్టరు గారు ఊహ మీద మందు రాయాల్సిందే. ఊహ మీద రాసేటప్పుడు ఎవరైనా, రకరకాల బ్యాక్టీరియాను ఒకేసారి దెబ్బకొట్టే పెద్ద మందే రాస్తారు.

అందుకే ఈ గైడ్‌లో ఎక్కువ భాగం మొదటి మాత్ర నోట్లో వేసుకునే లోపు మీరు చేయాల్సిన పనుల గురించే.

1. జ్వరం తగిలిన రోజే ఒక కాగితం తీయండి

తారీఖు, టైము రాయండి. థర్మామీటర్‌తో చూసిన అంకె రాయండి. "ఒళ్లు కాలిపోతోంది" అని రాస్తే డాక్టరుకు ఉపయోగం ఉండదు. 101.6 అని రాస్తే ఉంటుంది. రోజుకు మూడు నాలుగుసార్లు చూసినా చాలు. దాని పక్కనే దగ్గు, గొంతునొప్పి, విరేచనాలు, దద్దురు, మూత్రంలో మంట లాంటివి ఏవి ఎప్పుడు మొదలయ్యాయో, ఎంత నీళ్లు తాగారో, మూత్రం ఎన్నిసార్లు వచ్చిందో రాయండి. వేసుకున్న ప్రతి మందు పేరూ రాయండి. ఇంట్లో ఇంకెవరికైనా ఇవే లక్షణాలున్నాయా, ఈమధ్య ప్రయాణం చేశారా, మూడు నెలల లోపు యాంటీబయాటిక్ వాడారా అన్నది కూడా చేర్చండి. చివరి ప్రశ్న చాలామందికి అనవసరంగా తోస్తుంది. నిజానికి డాక్టరు మందు ఎంచుకోవడానికి అది చాలా పనికొస్తుంది. ఒకసారి యాంటీబయాటిక్ వాడాక, దాన్ని తట్టుకున్న బ్యాక్టీరియా మన పేగుల్లో కొన్ని నెలల పాటు ఉండిపోవచ్చు.

2. ఆగకూడని సందర్భాలను ముందు తేల్చుకోండి

రెండు రోజులు చూద్దాం అనుకునే ముందు, చూడటానికి వీల్లేని పరిస్థితి కాదని నిర్ధారించుకోవాలి. కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లండి.

- మూడు నెలల లోపు పసిబిడ్డకు 100.4 ఫారెన్‌హీట్ (38 సెల్సియస్) లేదా అంతకు మించి జ్వరం
- ఊపిరి అందకపోవడం, వేగంగా పీల్చడం, పిల్లల్లో పక్కటెముకల కింద చర్మం లోపలికి లాగుకుపోవడం
- మాట తడబడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, లేపినా సరిగ్గా లేవకపోవడం, ఫిట్స్
- తీవ్రమైన తలనొప్పితో మెడ బిగుసుకుపోవడం
- నొక్కినా రంగు పోని ఎర్రటి, ఊదా మచ్చలు
- చేతులు కాళ్లు చల్లబడి చర్మం పాలిపోవడం, మచ్చలు తేలడం, చాలా గంటలుగా మూత్రం రాకపోవడం
- తాగిందల్లా వాంతి కావడం, మలంలో రక్తం, ఆగని కడుపునొప్పి

గర్భిణులు, కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు, బాగా వయసు మళ్లినవాళ్లు ఈ జాబితాలో ఏదీ లేకపోయినా జ్వరం వస్తే తొందరగానే చూపించుకోవాలి.

సెప్సిస్ అనే మాట వినే ఉంటారు. ఇన్‌ఫెక్షన్‌కు ఒళ్లు అదుపు తప్పి స్పందించి, సొంత అవయవాలనే దెబ్బతీసుకునే స్థితి అది. అక్కడ ప్రతి గంటా విలువైనదే. రక్తం నమూనా తీసిన వెంటనే, రిపోర్టు కోసం చూడకుండా యాంటీబయాటిక్ ఇస్తారు. ఇవ్వాలి కూడా. యాంటీబయాటిక్ వాడకం తగ్గించండి అని చెప్పేటప్పుడు నేను అడుగుతున్నది ఈ మందులు ఇలాంటి రోజుకు పనికొచ్చేలా మిగలాలనే. అవసరమైన చోట భయపడి ఆపేయమని కాదు.

3. వైరసా, బ్యాక్టీరియానా అని అడగండి

యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీద పనిచేస్తుంది. దాని గోడ కట్టుకోనివ్వదు, లేదా ప్రొటీన్లు తయారు కానివ్వదు, లేదా జన్యుపదార్థాన్ని కాపీ చేసుకోనివ్వదు. వైరస్‌కు ఆ గోడ లేదు, ప్రొటీన్లు తయారుచేసే సొంత యంత్రాంగమూ లేదు. మన కణంలో దూరి మన సరంజామానే వాడుకుంటుంది. కాబట్టి జలుబుకు, ఫ్లూకు, కోవిడ్‌కు, డెంగీకి యాంటీబయాటిక్ వేసుకుంటే ఆ వైరస్‌కు ఏమీ కాదు. దెబ్బ తగిలేది పేగుల్లో మనకు మేలు చేసే బ్యాక్టీరియాకు.

ఇంట్లో కూర్చుని ఇది వైరస్, అది బ్యాక్టీరియా అని కచ్చితంగా తేల్చలేం. కొన్ని గుర్తులు మాత్రం దారి చూపిస్తాయి. ముక్కు కారడం, తుమ్ములు, గొంతు గరగర, దగ్గు, ఒళ్లునొప్పులు అన్నీ కలిసి వచ్చి, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి తగులుకుంటుంటే అది వైరస్ అయ్యే అవకాశమే ఎక్కువ. దగ్గు, జలుబు లేకుండా గొంతు మాత్రమే విపరీతంగా నొప్పి పెట్టి, టాన్సిల్స్ మీద తెల్లటి పూత, మెడలో గడ్డలు, జ్వరం ఉంటే స్ట్రెప్ బ్యాక్టీరియా కావచ్చు. గొంతులోంచి దూదిపుల్లతో నమూనా తీసి కొద్ది నిమిషాల్లో తేల్చే పరీక్ష ఉంది. అది చేయించమని అడగండి.

ఒక అపోహ గురించి ఇక్కడే చెప్పాలి. కఫం ఆకుపచ్చగానో పసుపుగానో మారగానే "ఇన్‌ఫెక్షన్ ముదిరింది, యాంటీబయాటిక్ కావాలి" అనుకుంటారు. ఆ రంగు బ్యాక్టీరియాది కాదు. మన తెల్లరక్తకణాల్లో ఆకుపచ్చ రంగున్న ఒక ఎంజైమ్ ఉంటుంది. పోరాడటానికి వచ్చిన కణాలు అక్కడ చచ్చి పేరుకుంటే కఫానికి ఆ రంగు పడుతుంది. మామూలు జలుబులోనూ అంతే.

ఏది ఎన్నాళ్లుంటుందో తెలిస్తే సగం తొందర తగ్గిపోతుంది. జలుబు 7 నుంచి 10 రోజులు, గొంతునొప్పి వారం, సైనస్ పట్టేయడం రెండు మూడు వారాలు, జలుబు తర్వాతి దగ్గు మూడు వారాల దాకా ఉండటం మామూలే. ఐదో రోజున దగ్గు తగ్గలేదని యాంటీబయాటిక్ మొదలుపెడితే, పదో రోజుకు దానంతటదే తగ్గాల్సిన దగ్గు తగ్గి, ఆ పేరు మందుకు పోతుంది. వచ్చేసారి మళ్లీ అదే మందు అడుగుతాం.

4. ఆ రెండు మూడు రోజులూ ఒంటికి చేయాల్సినవి చేయండి

జ్వరం ఇబ్బంది పెడుతుంటే పారాసిటమాల్ వేసుకోండి. పెద్దవాళ్లకు 500 మిల్లీగ్రాముల నుంచి 1 గ్రాము దాకా, మోతాదుకూ మోతాదుకూ మధ్య కనీసం 4 నుంచి 6 గంటల ఎడంతో. రోజంతా కలిపి 4 గ్రాములు మించకూడదు. కాలేయ జబ్బు ఉన్నవాళ్లు ఇంకా తక్కువే వాడాలి, ఎంతో డాక్టరునే అడగండి. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ కలిసి ఉంటుంది, దాన్నీ లెక్కలో వేసుకోండి. పిల్లలకు బరువును బట్టి ఇవ్వాలి, వయసును బట్టి కాదు. పిల్లల జ్వరానికి ఆస్పిరిన్ వద్దు. డెంగీ కావచ్చని ఏమాత్రం అనుమానం ఉన్నా ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటివి వద్దు, రక్తస్రావం పెరుగుతుంది.

విరేచనాలైతే ప్రాణం నిలిపేది ఓఆర్‌ఎస్. నీళ్ల విరేచనాల్లో చాలావాటికి యాంటీబయాటిక్ అవసరమే ఉండదు. ప్యాకెట్ మీద ఎంత నీళ్లని రాసి ఉంటే అంత నీటిలోనే మొత్తం ప్యాకెట్ కలపండి. సగం ప్యాకెట్ సగం నీళ్లని కలిపితే లెక్క తప్పుతుంది. ప్యాకెట్ దొరకకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు కలపండి. స్పూన్లు తలకొట్టి కొలవండి, ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం. బిడ్డ వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్లీ ఒక్కో స్పూను చొప్పున మొదలుపెట్టండి. పిల్లలకు జింక్ కూడా 10 నుంచి 14 రోజులు ఇవ్వాలి: ఆరు నెలలు దాటినవాళ్లకు రోజుకు 20 మిల్లీగ్రాములు, ఆ లోపువాళ్లకు 10.

దగ్గుకు ఏడాది దాటిన పిల్లలకు తేనె ఇవ్వవచ్చు. ఏడాది లోపు వాళ్లకు తేనె అసలు పెట్టకూడదు.

మధ్యమధ్యలో రెండో అంశంలోని జాబితాను మళ్లీ చూసుకోండి. తగ్గినట్టే తగ్గి జ్వరం మళ్లీ ఎగబాకినా, మూడు రోజులు దాటినా చూపించుకోండి.

5. నమూనా ముందు, మాత్ర తర్వాత

మూత్రంలో మంటో, జ్వరమో ఉందని కల్చర్ రాశారనుకోండి. మొదటి మాత్ర వేసుకోకముందే నమూనా ఇవ్వాలి. అది ఎలా ఇవ్వాలో ఎవరూ సరిగ్గా చెప్పరు. డబ్బా చేతిలో పెట్టి బాత్రూమ్ చూపిస్తారు. అందుకని నేను వివరంగా చెబుతాను.

చేతులు సబ్బుతో కడుక్కోండి. మూత్రద్వారం చుట్టూ మంచినీళ్లతో శుభ్రం చేసుకోండి. ఆడవాళ్లైతే ముందు నుంచి వెనక్కి కడుక్కోవాలి. డబ్బా మూత తీసి దాన్ని వెల్లకిలా పెట్టండి, లోపలి వైపు వేలు తగలకూడదు. మొదట వచ్చే కొంచెం మూత్రాన్ని వదిలేయండి, ద్వారం దగ్గరున్న బ్యాక్టీరియాను అది కడిగేస్తుంది. ధార ఆపకుండానే మధ్యలో వచ్చేదాన్ని డబ్బాలో పట్టండి. సగం నిండితే చాలు. మూత బిగించి రెండు గంటల లోపు ల్యాబ్‌కు చేర్చండి. వీలు కాకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి, 24 గంటల దాకా ఆగుతుంది. బయట వదిలేస్తే మాత్రం కొన్ని రకాల బ్యాక్టీరియా అనుకూలమైన వేడిలో 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. పొద్దున ఇచ్చిన డబ్బా సాయంత్రం దాకా కౌంటర్ మీద ఉండిపోతే, ఒంట్లో లేని ఇన్‌ఫెక్షన్ రిపోర్టులో కనిపిస్తుంది.

కఫం పరీక్షకు ఉమ్మి పనికిరాదు. నీళ్లతో నోరు పుక్కిలించి, గుండె నిండా గాలి పీల్చి, లోపలి నుంచి దగ్గి తీసిన చిక్కటి కఫం కావాలి. రక్తం కల్చర్‌కు రెండు చోట్ల నుంచి రక్తం తీస్తే "ఎందుకండీ రెండుసార్లు గుచ్చుతున్నారు" అని కోప్పడకండి. చర్మం మీది బ్యాక్టీరియా పొరపాటున ఒక సీసాలో పడిందా, నిజంగా రక్తంలోనే ఉందా అన్నది ఆ రెండో సీసా చెబుతుంది.

6. డాక్టరు గారి ముందు కూర్చున్నప్పుడు

యాంటీబయాటిక్ రాయండి అని మీరు అడగకండి. ఇది మనస్ఫూర్తిగా చేస్తున్న విన్నపం. రోగి అదే ఆశించి వచ్చాడని అనిపిస్తే డాక్టరు రాసే అవకాశం పెరుగుతుంది. దాని బదులు మీ కాగితం ముందు పెట్టి ఇలా అడగండి:

"డాక్టరు గారూ, ఇది బ్యాక్టీరియా అని మీకు ఎందుకు అనిపిస్తోంది? మందు మొదలుపెట్టే ముందు చేయించాల్సిన పరీక్ష ఏదైనా ఉందా? రెండు రోజులు ఆగి చూడొచ్చా? ఆగితే ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రమ్మంటారు?"

మందు రాశాక ఇంకో రెండు: "ఇది ఎన్ని రోజులు? ఇదే జబ్బుకు పనిచేసే మందుల్లో ఇంతకంటే తేలికైనది ఉందా?"

తేలికైనది అని ఎందుకంటున్నానంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయాటిక్‌లను మూడు గుంపులు చేసింది. మామూలు ఇన్‌ఫెక్షన్లకు ముందుగా వాడాల్సినవి యాక్సెస్: అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్, నైట్రోఫ్యురాంటాయిన్ లాంటివి. జాగ్రత్తగా, తగిన కారణం ఉంటేనే వాడాల్సినవి వాచ్: అజిత్రోమైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, సెఫిక్సిమ్ లాంటివి. వేరే దారి లేనప్పటికని దాచిపెట్టుకోవాల్సినవి రిజర్వ్: కొలిస్టిన్, లైనెజోలిడ్ లాంటివి. వాడే యాంటీబయాటిక్‌లలో కనీసం 70 శాతం యాక్సెస్ గుంపులోవే ఉండాలని 2024లో ఐక్యరాజ్యసమితి సభ్యదేశాలు లక్ష్యంగా పెట్టుకున్నాయి. మీ చీటీలోని పేరు ఏ గుంపుదో తెలుసుకోండి. వాచ్ మందు రాస్తే తప్పని కాదు. టైఫాయిడ్‌కో, తీవ్రమైన న్యుమోనియాకో అది అవసరం కావచ్చు. కారణం అడిగి తెలుసుకునే హక్కు మాత్రం మీకుంది.

రకరకాల బ్యాక్టీరియాను ఒకేసారి దెబ్బకొట్టే మందులను బ్రాడ్ స్పెక్ట్రమ్ అంటారు. మన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లే మందుల సంస్థలో పరిశోధనకు నాయకత్వం వహిస్తున్న కాలంలో, ఆ బృందంలోని బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన ఆరియోమైసిన్ అలాంటిదే. 1948లో బయటికొచ్చిన ఆ మందు టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. పెనిసిలిన్‌కు లొంగని జబ్బులకు అది దారి చూపించింది. అంత శ్రమతో సంపాదించిన ఆయుధాన్ని జలుబుకు వాడుతుంటే నాకు నిజంగా కడుపు తరుక్కుపోతుంది.

పెనిసిలిన్ పడదు అని మీ ఫైల్లో రాసి ఉంటే దాని గురించీ మాట్లాడండి. చిన్నప్పుడెప్పుడో దద్దురు వచ్చిందనో, వాంతి అయిందనో ఆ ముద్ర పడుతుంది. పరీక్షించి చూస్తే అలా చెప్పేవాళ్లలో పదింట తొమ్మిది మందికి పైగా పెనిసిలిన్ వాడగలవాళ్లే. ఆ ముద్ర వల్ల వాళ్లకు జీవితాంతం పెద్ద మందులే పడుతుంటాయి. సొంతంగా వేసుకుని చూడకండి, అలర్జీ పరీక్ష గురించి అడగండి. ముఖం వాచడం, ఊపిరాడకపోవడం లాంటిది నిజంగా జరిగి ఉంటే ఆ సంగతి ప్రతిచోటా ముందే చెప్పాలి.

7. మాత్ర వేసుకోవడం మొదలుపెట్టాక

రోజుకు మూడుసార్లు అంటే ఎనిమిదేసి గంటలకోసారి. టిఫిను, భోజనం, భోజనం అని కాదు. పొద్దున 6, మధ్యాహ్నం 2, రాత్రి 10 అనుకుంటే కుదురుతుంది. మధ్యలో ఎడం ఎక్కువైతే రక్తంలో మందు పలచబడుతుంది. బ్యాక్టీరియాను చంపడానికి చాలనంత తక్కువ మందు దాన్ని రాటుదేలుస్తుంది. పెనిసిలిన్‌ను 1928లో కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్, 1945లో నోబెల్ బహుమతి అందుకుంటూ చేసిన ప్రసంగంలో సరిగ్గా ఈ మాటే హెచ్చరించాడు.

డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి పాలతోనూ, కాల్షియం, ఐరన్ మాత్రలతోనూ కలిపి వేసుకుంటే ఒంటికి పట్టవు. ఎంత ఎడం ఇవ్వాలో అడగండి. డాక్సీసైక్లిన్‌ను గ్లాసుడు నీళ్లతో మింగి, కనీసం అరగంట పడుకోకండి, గొంతులో ఆగితే పుండు పడుతుంది. పిల్లల పొడి సిరప్‌లో నీళ్లు గీత దాకానే పోసి, ప్రతిసారీ బాగా ఊపి, మందుతో వచ్చిన కొలతతోనే ఇవ్వండి. కలిపాక ఎన్ని రోజులు ఉంటుందో సీసా మీదే రాసి ఉంటుంది, కలిపిన తారీఖు మీరు పక్కన రాయండి.

ఒక మోతాదు మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తర్వాతి మోతాదు దగ్గరపడితే దాన్ని వదిలేయండి. రెండూ కలిపి వేసుకోవద్దు. దద్దురు, ముఖం వాపు, ఆయాసం వస్తే ఆపి వెంటనే వెళ్లండి. మందు వాడుతున్నప్పుడు కానీ, ఆపిన కొన్ని వారాలకు కానీ నీళ్ల విరేచనాలు ఆగకుండా వస్తే చెప్పండి. పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చిన చోట క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసైల్ అనే బ్యాక్టీరియా పెరిగి పెద్దపేగును దెబ్బతీయవచ్చు.

కోర్సు పూర్తి చేయాలా అన్న ప్రశ్నకు జవాబు ఇదివరకటిలా ఒక్క ముక్కలో చెప్పలేం. టీబీకి నెలల తరబడి, మామూలు చికిత్సలో ఆరు నెలలు, ఒక్కరోజు తప్పకుండా వాడాలి. మధ్యలో మానేస్తే ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెండింటికీ లొంగని టీబీ తయారవుతుంది. దాన్ని నయం చేయడం చాలా కష్టం. మరోవైపు, కోలుకుంటున్న పెద్దవాళ్లకు మామూలు న్యుమోనియాలో ఐదు రోజులు చాలని పరిశోధనలు చూపించాయి. అవసరానికి మించి వాడిన ప్రతిరోజూ పేగుల్లోని మిగతా బ్యాక్టీరియాకు ఆ మందును తట్టుకునే శిక్షణ దొరికినట్టే. కాబట్టి రాసినన్ని రోజులు వాడండి, మీ అంతట మీరు ఆపకండి, పొడిగించకండి. రెండో రోజుకే పూర్తిగా బాగైపోతే ఫోన్ చేసి "ఇంకా ఎన్ని రోజులు వాడమంటారు" అని అడగండి. డాక్టరు తగ్గించవచ్చు కూడా.

"నా ఒంటికి ఈ మందు అలవాటైపోయింది, పనిచేయట్లేదు" అనే మాట ల్యాబ్ కౌంటర్ దగ్గర తరచూ వింటాను. అలవాటు పడేది ఒళ్లు కాదు, బ్యాక్టీరియా. కోట్లలో ఒకదానికి జన్యువులో మార్పు వచ్చి మందును తట్టుకుంటుంది. మిగతావి చచ్చాక జాగా అంతా దానిదే. పైగా ఆ గుణాన్ని ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయంగా పక్క బ్యాక్టీరియాకు, వేరే జాతి దానికి కూడా అందించగలదు. అందుకే ఒంట్లో జీవితంలో ఎన్నడూ యాంటీబయాటిక్ పడని మనిషికి కూడా మొండి ఇన్‌ఫెక్షన్ రావచ్చు. అది ఇంకొకరి నుంచి వచ్చి ఉంటుంది.

8. కల్చర్ రిపోర్టు చేతికొచ్చాక

మూత్రం రిపోర్టుకు రెండు రోజులు పట్టవచ్చు. అందులో బ్యాక్టీరియా పేరు, కింద మందుల పట్టిక ఉంటాయి. ఎస్ అంటే మామూలు మోతాదుకు లొంగుతుంది. ఆర్ అంటే లొంగదు. ఐ అంటే మధ్యస్థం. కొన్ని ల్యాబుల పద్ధతిలో దానికి ఎక్కువ మోతాదులో పనిచేస్తుందని అర్థం. పట్టికలో కొన్ని చోట్ల అంకెలుంటాయి. చిన్న అంకె ఉన్న మందే గొప్పదని దాన్ని పట్టుకుని మందుల షాపుకు వెళ్లకండి. ఒక్కో మందుకు హద్దు వేరు. వేర్వేరు మందుల అంకెలను పోల్చకూడదు.

రిపోర్టు తీసుకుని డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లండి. ఒళ్లు తేలికపడిందని చాలామంది వెళ్లరు. పెద్ద మందుతో మొదలుపెట్టి ఉంటే, రిపోర్టు చూసి చిన్న మందుకు మార్చే అవకాశం అప్పుడే ఉంటుంది.

ఇంకో సంగతి. ఏ బాధా లేకుండా, ఏదో చెకప్‌లో భాగంగా చేసిన మూత్రం కల్చర్‌లో బ్యాక్టీరియా మొలిస్తే చాలావరకు మందు అక్కర్లేదు. వయసు మళ్లినవాళ్లలో ఇది మరీ మామూలు. గర్భిణులకు, మూత్రనాళానికి ఆపరేషన్ చేయించుకోబోతున్నవాళ్లకు మాత్రం చికిత్స చేస్తారు. వైద్యం చేయాల్సింది మనిషికి, రిపోర్టుకు కాదు అని మా గురువుగారు అంటుండేవారు. ఈ ఒక్క చోట తప్పక గుర్తొస్తుంది.

9. ఇంట్లో మరొకరికి తగలకుండా

రాని ఇన్‌ఫెక్షన్‌కు మందు అక్కర్లేదు. చేతులు సబ్బుతో 20 సెకన్లు, వేళ్ల సందులు, బొటనవేలు, గోళ్ల కింద రుద్ది కడగండి. 1847లో వియన్నాలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, కాన్పు చేసే ముందు క్లోరిన్ ద్రావణంలో చేతులు కడగాలని నియమం పెట్టగానే బాలింత మరణాలు ఒక్కసారిగా పడిపోయాయి. జబ్బులకు బ్యాక్టీరియా కారణమని అప్పటికి ఇంకా రుజువు కాలేదు. శానిటైజర్‌లో కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉండాలి. విరేచనాల రోగి ఉన్న ఇంట్లో శానిటైజర్‌ను నమ్ముకోకండి. నోరోవైరస్, డిఫిసైల్ బీజాలు దానికి సరిగ్గా చావవు, సబ్బు నీళ్లే కావాలి.

దగ్గు, జ్వరం ఉన్నవాళ్లకు గాలి ఆడే గది ఇచ్చి కిటికీలు తెరవండి. ఎదురుగా కూర్చున్నప్పుడు ఇద్దరూ మాస్కు పెట్టుకోండి. జ్వరం మందు లేకుండానే 24 గంటలు జ్వరం రాకుండా గడిచేదాకా పిల్లల్ని బడికి పంపకండి.

టీకాలు వేయించండి. న్యుమోకాకల్, హిబ్, టైఫాయిడ్ టీకాలు బ్యాక్టీరియాను నేరుగా ఆపుతాయి. ఫ్లూ, తట్టు టీకాలు వైరస్‌ను ఆపి, దాని వెనక వచ్చే న్యుమోనియాను, అనవసరంగా వాడే యాంటీబయాటిక్‌నూ ఆపుతాయి.

పశువులు, కోళ్లు పెంచేవాళ్లైతే బరువు పెరగడానికని మేతలో యాంటీబయాటిక్ కలపకండి. ఐరోపా సమాఖ్య 2006 నుంచే దాన్ని పూర్తిగా నిషేధించింది. రిజర్వ్ మందని చెప్పిన కొలిస్టిన్‌ను తట్టుకునే గుణం ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి పాకగలదని 2015లో బయటపడింది పందుల పెంపకం మీద చేసిన పరిశోధనలోనే.

10. మిగిలిన మాత్రలు, దాచుకోవాల్సిన కాగితం

డాక్టరు మధ్యలో మందు మార్చడం వల్ల మాత్రలు మిగిలితే మళ్లీ పనికొస్తాయని దాచకండి, పక్కింటివాళ్లకు ఇవ్వకండి. సింకులో, టాయిలెట్‌లో పారబోయకండి, ఆ నీళ్లలోని బ్యాక్టీరియా దానికి రాటుదేలుతుంది. మందుల షాపులోనో ఆసుపత్రిలోనో వెనక్కి తీసుకునే ఏర్పాటు ఉంటే అక్కడ ఇవ్వండి. లేకపోతే అట్టలోంచి తీసి, ఎవరూ తినలేని చెత్తతో కలిపి సంచిలో మూటకట్టి పారేయండి.

మొదటిరోజు మొదలుపెట్టిన కాగితం మాత్రం పారేయకండి. దాని అడుగున నాలుగు గీతలు చేర్చండి: ఏ బ్యాక్టీరియా దొరికింది, ఏ మందులకు ఆర్ వచ్చింది, చివరికి ఏ మందు ఎన్ని రోజులు వాడారు, ఏదైనా పడలేదా. కల్చర్ రిపోర్టును దానికే పిన్ను కొట్టి ఫైల్లో పెట్టండి. ఆరు నెలల తర్వాత మళ్లీ చలిజ్వరం వచ్చి అర్ధరాత్రి ఆసుపత్రికి పరిగెత్తాల్సి వస్తే, కొత్త రిపోర్టు కోసం రెండు రోజులు చూడలేని ఆ డాక్టరు మొదటి ఇంజెక్షన్ ఏది ఇవ్వాలో ఆ పాత కాగితం చూసే నిర్ణయిస్తారు.